ఆడ టర్కీతో మాటామంతీ

ట్రక్కు ఎక్కి అరగంట దాటింది. దామోదర్ ఇప్పటిదాకా అన్నది ఒక్కటే, గుడ్ మార్నింగ్ అని. వాల్టర్ దానికి తలూపాడు. అంతటితో సరి.

బెంటన్‌విల్ ఊరి దీపాలు వెనకబడిపోయాయి. ముందు మట్టి రోడ్డు, దానికి అటూ ఇటూ వాల్టర్ తాతల నాటి పొలం.

వాల్టర్ కొడుకు కోల్టన్, దామోదర్ కూతురు అనిక పెళ్లి చేసుకుంటామన్నారు. రెండిళ్లలోనూ కాదన్నవాళ్లు లేరు. చిక్కల్లా తండ్రులతోనే. ఇద్దరికీ ఎవరో ముందు పలకరించాలి. ఆ ముందు పలకరించేది ఎవరన్నదే తేలదు. మొన్న ఎంగేజ్‌మెంట్ డిన్నర్‌లో వాల్టర్ ఉప్పు అడగలేక చప్పిడి కూర తిన్నాడు. ఉప్పు సీసా తన ముందే ఉన్నా, అడక్కుండా అందిస్తే ఏమనుకుంటాడోనని దామోదర్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు అనిక తేల్చి చెప్పేసింది.

"డాడీ, ఆయన నిన్ను టర్కీ కోళ్ల హంట్‌కి తీసుకెళ్తాడు. నువ్వు వెళ్తావు. ఇద్దరూ మాట్లాడుకుంటారు. లేకపోతే సోమవారం నేనూ కోల్టనూ కోర్ట్‌హౌస్‌లో సైన్ చేసేస్తాం. మీ ఇద్దర్నీ పిలవం."

అల్లుడి కాళ్లు కడగడానికి వెండి పళ్లెం, అనిక మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడే కొని క్లాజెట్‌లో దాచుకున్న మనిషి దామోదర్.

వారమంతా వీడియోలు చూశాడు. ఫుట్‌బాల్, ట్రాక్టర్లు, వాతావరణం, టర్కీని కూతపెట్టి పిలిచే వేటగాళ్లు, ఏదో ఒకటి మాట్లాడొచ్చని. ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఎక్కింది ఒక్కటే, మగ టర్కీ కూత. ఇంజనీరింగ్ హాస్టల్లో ప్రిన్సిపాల్ గొంతుని అచ్చు దించేసిన నోరది. భార్య జయంతి బాత్‌రూమ్ తలుపు కొట్టి, లోపల ఇంకా ఎవరున్నారండీ అని అడిగింది కూడా.

పొలం మధ్య ట్రక్కు ఆగింది. వాల్టర్ ఓ ఓక్ చెట్టు మొదట్లో అతన్ని కూర్చోబెట్టాడు. దామోదర్‌కి లైసెన్స్ లేదు కాబట్టి తుపాకీ ఒకటే, అది వాల్టర్ దగ్గరే ఉంది.

"మగ పక్షి వస్తేనే కాలుస్తాం. ఆడదాని జోలికి వెళ్లం. నువ్వు కదలకు," అని గొణిగాడు వాల్టర్. పరిచయమైన దగ్గర్నుంచీ అతను దామోదర్‌తో అన్న అతి పెద్ద మాట అదే.

పక్కపక్కనే కూర్చున్నారు. దామోదర్ ధైర్యం కూడగట్టుకుని, చెట్లు బాగున్నాయన్నాడు. వాల్టర్ చెట్లకేసి చూశాడు. ఆ సంభాషణ అక్కడితో చచ్చిపోయింది. కాసేపటికి వాల్టర్ లేచి, కాఫీ ఫ్లాస్కు ట్రక్కులో మర్చిపోయానని సైగ చేసి వెళ్లాడు.

మళ్లీ రాలేదు.

తన పక్కన కూర్చోలేకే పారిపోయాడని దామోదర్‌కి అర్థమైపోయింది. ఇక కోర్టు ఖాయం. వెండి పళ్లెంలో పండ్లు పెట్టుకోవడమే.

అప్పుడు వినిపించింది. ఎదురుగా ఉన్న పొదల్లోంచి ఆడ టర్కీ కూత. నూనె లేని తలుపు కిర్రుమన్నట్టు మూడుసార్లు. మూడోసారి గొంతు జీరపోయింది.

ఒకరు పలకరించాక కూడా నోరు మూసుకు కూర్చునే అలవాటు దామోదర్ వంశంలో లేదు. ఆలోచించేలోపే నోట్లోంచి "గులగులగులా" అని వచ్చేసింది.

పొదల్లోంచి వెంటనే మళ్లీ కిర్రు, కిర్రు, కిర్రు. ఈసారి ఆత్రంగా.

అంతే, గేట్లు ఎత్తేసినట్టయింది. గ్రీన్ కార్డ్ కోసం పడిన పాట్లు, అనిక చిన్నప్పుడు ప్లేగ్రౌండ్‌లో చెయ్యి విరగ్గొట్టుకోవడం, వెండి పళ్లెం సంగతి, అన్నీ టర్కీ భాషలో వెళ్లబోసుకున్నాడు. అతను ఆగిన చోటల్లా అది సరిగ్గా ఊఁ కొట్టింది. ఒకసారి గొంతు కాస్త పెంచేసరికి అలిగినట్టు ఊరుకుంది. దామోదర్ ప్రాణం విలవిల్లాడింది. మెత్తగా బతిమాలితే మళ్లీ పలికింది. ఇంత ఓపిగ్గా తన మాట విన్నవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు.

ఎండెక్కాక వెళ్లొస్తానన్నట్టు కూశాడు. అదీ కూసింది. అది కూసింది కదాని తను మళ్లీ కూశాడు. ఇండియా ఫోన్ కాల్‌లా, ఎవరూ ముందు పెట్టెయ్యరు.

చివరికి ఎలాగో తెంపుకుని ట్రక్కు దగ్గరికి వచ్చేసరికి వాల్టర్ అక్కడే ఉన్నాడు. టోపీ నిండా ఆకులు. ఫ్లాస్కు మూత తీసినట్టే లేదు. మొహం మాత్రం వెలిగిపోతోంది. తన పీడ వదిలినందుకు ఎంత సంతోషమో అనుకున్నాడు దామోదర్.

సగం దారిలో అనిక ఫోన్ చేసింది. వాల్టర్‌కి అర్థం కాదన్న ధీమాతో దామోదర్ తెలుగులోనే మాట్లాడాడు.

"డాడీ, టాక్ చేసుకున్నారా ఇద్దరూ?"

కూతురితో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఆయనతో లేదమ్మా. ఒక ఆడ టర్కీతో మాట్లాడాను. చాలాసేపు."

"వాట్?"

"మంచిది పాపం. నేను ఏమన్నా జవాబిచ్చింది."

"దిస్ ఈజ్ నాట్ ఫన్నీ, డాడీ. నేను కోర్ట్ అపాయింట్‌మెంట్ కన్ఫర్మ్ చేస్తున్నా."

"ఒట్టు తల్లీ. ఇదిగో, ఇలా," అంటూ దామోదర్ ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, చిన్నగా గులగులమన్నాడు.

ట్రక్కు ఒక్కసారి పక్కకి ఊగి, మళ్లీ రోడ్డు మీదికొచ్చింది.

స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, చెవులదాకా ఎర్రబడి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, వాల్టర్ నూనె లేని తలుపులా మూడుసార్లు కిర్రుమన్నాడు, మూడోసారి గొంతు జీరపోయింది.