పంతొమ్మిదో రోజు మెంతికూర

ఉదయం ఆరూ పదికి పాలు పిండే పంపు ఆగింది. సీసాలో చుక్క పాలు లేవు.

ఆమె పంపు గొట్టాలు విడదీసి వేడినీళ్లలో వేసింది. మళ్లీ ఎనిమిదీ పదికి పెట్టాలి. రెండు గంటలకోసారి, రాత్రీ పగలూ. ఇంట్లో కుట్టు మిషను మీద గుడ్డ కప్పి వచ్చి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. అప్పటినుంచి పిల్లల వార్డు బయటి బెంచీయే ఆమెకు ఇల్లు.

లోపల అద్దాల పెట్టెలో పాప ఉంది. కిలో నూట ఇరవై గ్రాములు. డబ్బా పాలు పోసిన ప్రతిసారీ పొట్ట ఉబ్బుతోంది.

"మనిషి పాలే కావాలి," అన్నారు డాక్టరు నిన్న. "పాలబ్యాంకులో తల్లులు దానమిచ్చినవి రేపటి వరకే వస్తాయి. ఆ తర్వాత నేనేమీ చెప్పలేను."

ఆమె గిన్నె మూత తీసింది. ఉడికించిన మెంతికూర. ఉప్పూ కారం లేవు. పరగడుపున నానిన మెంతులు గుప్పెడు ఎలాగూ తింది. నాలుకకు చేదు తెలియడం మానేసి వారమైంది.

"మేక కూడా ఇంత ఆకు మేయదే," అంది బెంచీ చివర కూర్చున్న ఆమె అక్క.

"మేకకి పాలొస్తాయిగా."

అక్క గిన్నెను ఆమె దగ్గరికి జరిపింది.

భర్త పక్కన కూర్చుని ఇంకో కట్ట ఆకు దూస్తున్నాడు. గడియారాలు బాగుచేసే చేతులు. ఒక్క కాడ కూడా కలవనివ్వడు.

"ఆ కాన్పప్పుడు పాలతో నీ బట్టలు తడిసిపోయేవి," అన్నాడు. "వీధికంతా పోయొచ్చని మా అమ్మ వేళాకోళం చేసేది."

"అప్పటి మాట ఇప్పుడెందుకండీ."

నర్సు వచ్చింది. గిన్నె వంక చూసింది.

"దీంతో పాలు పడతాయని గట్టి రుజువేం లేదమ్మా. ఇనుముంది, కాల్షియముంది, ఒంటికి మంచిదే. కానీ మీరు షుగరు మాత్రలు కూడా వేసుకుంటున్నారు. మెంతులు షుగరుని దించేస్తాయి. నిన్న కళ్లు తిరిగాయట?"

"ఎవరు చెప్పారు?"

భర్త ఆకు మీంచి తల ఎత్తలేదు.

"మీరు పడిపోతే ఎలాగమ్మా?"

"పాప తాగాక పడతాను."

ఎనిమిదీ పదికి పంపు పెట్టింది. ఇరవై నిమిషాలు నడిచింది. ఏమీ లేదు. ఇక చాలు, ఆపండి అంది నర్సు. ఆమె ఆపలేదు. పంపు పక్కన పడేసి చేత్తో పిండింది. పెదవి కొరుక్కుంది. ఎనిమిదీ ముప్పై ఎనిమిదికి సీసా అడుగున చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. మొత్తం ఏడు.

నర్సు వాటిని సిరంజిలోకి లాగింది. అర మిల్లీలీటరు కూడా లేవు. ఎన్ని ఉన్నా చీటీ అంటించాల్సిందే, లేకపోతే లోపలికి పోనివ్వరు.

ఆ చీటీ మీద తల్లి పేరుకు ఎదురుగా 'మరణించారు' అనీ, పాలిచ్చినవారికి ఎదురుగా 'అమ్మమ్మ, యాభై ఒక్కేళ్లు' అనీ నర్సు రాసింది.