పాట మధ్యలో ఆగిన చోట

భార్య ఇంట్లో ఒంటరిగా పాడుకుంటూ రికార్డు చేసిన పాట ఒకటి సీడీలో మిగిలింది. మధ్యలో పాట ఆపి ఆమె ఏదో అంటుంది. రొదలో అదేమిటో తెలియదు. ఆమె పోయినప్పటినుంచీ ఆ మాట కోసమే గడియారాల మెకానిక్ ప్రాణం కొట్టుకుంటోంది.

ఆ రాత్రి రొద తగ్గుతుందేమోనని ప్లేయర్ కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. స్పీకర్లను గోడకు దూరంగా జరిపాడు.

"ఇక పడుకో నాన్నా," అంది కూతురు పక్క గదిలోంచి.

"ఈ ఒక్కసారే తల్లీ."

భార్య పోయాక కొన్న కుర్చీలో కూర్చుని మీట నొక్కాడు. రొద పోయింది. చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. పాట వెనక ఇంకెవరిదో బరువైన ఊపిరి. అతను ఊపిరి బిగబట్టాడు. పాట వెనక ఊపిరీ ఆగింది. స్పీకర్ వైపు వంగాడు. కుర్చీ గదిలో కిర్రుమంది, పాటలోనూ కిర్రుమంది.

ఆమె పాట ఆపింది.

"ఎవరది?" అంది, వణుకుతున్న గొంతుతో. "ఎవరు కూర్చున్నారక్కడ?"