సృజన స్మారక పతకం

“మేడం, గీ కుర్చీల ఎవరన్న ఉన్నరా?”

“ఎవ్వరు లేరమ్మా, కూసో” అంటూ ఆరాధన పక్క కుర్చీలో పెట్టిన సంచిని ఒళ్లోకి తీసుకుంది.

కరీంనగర్‌లోని ఆ వైద్య కళాశాల ఆడిటోరియంలో పతకాల ప్రదానం ఇంకా మొదలుకాలేదు. నల్లగౌను సర్దుకుంటూ కూర్చున్న అమ్మాయి పేరు భవ్యశ్రీ. హుజూరాబాద్ పిల్ల. చిన్నపిల్లల వైద్యంలో కాలేజీ ఫస్టు వచ్చిందట. మాటిమాటికీ వెనక్కి తిరిగి, వెనక వరుసలో ఉన్న అమ్మానాన్నలకు చెయ్యి ఊపుతోంది.

“మీ పిల్లలకు గూడ మెడల్ ఉన్నదా మేడం?”

“నాకు పిల్లలు లేరు. బెల్లంపల్లిల పిల్లల డాక్టర్ను.”

“మరి ఎవరి కోసం వచ్చిండ్రు?”

ఆరాధన స్టేజీ వైపు చూసింది. “నీకిచ్చే మెడల్ సృజన పేరు మీదనే గదా? పేపర్ల చూసి వచ్చిన. సృజన నాకు తెలుసు.”

భవ్యశ్రీ కళ్లు పెద్దవయ్యాయి. “నిజంగనా! మీ దోస్తా?”

“చిన్నప్పటి సంది ఎరుకే.”

“ఎట్లుండేది మేడం? గిక్కడ ఎవ్వరికీ తెల్వదు. ఆమె వరంగల్‌ల చదివిందట గదా. స్టేజీ మీద పెడ్తమని ఫొటో అడిగితే, వాళ్ల బాపు లేదన్నడట.”

“మొండిది” అంది ఆరాధన నవ్వుతూ. “వాళ్లది సిరిసిల్ల. ఇంట్లనే మరమగ్గాలు. ఆ చప్పుడులనే చదివేది, ఆ చప్పుడులనే పండేది. కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఉలిక్కిపడి లేచేది.”

భవ్యశ్రీ కూడా నవ్వింది. జబ్బుల గురించి కాకుండా వేరే మాట ఇంతసేపు మాట్లాడి ఎంత కాలమైందో ఆరాధనకు గుర్తులేదు. భర్త బెంజమిన్ పోయాక ఇల్లు మూగబోయింది. పెళ్లప్పుడు ఆమెకు ఆరాధన అని ముద్దుగా పేరు పెట్టుకున్న అత్త రిబ్కమ్మ అంతకుముందే పోయింది. ఇప్పుడు ఊళ్లో అందరికీ ఆమె డాక్టర్ మేడమే. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఆదివారం చర్చిలో పాటల మధ్య బాగానే ఉంటుంది. తిరిగివచ్చి గుమ్మం ముందు తాళం తీసేటప్పుడే కష్టంగా ఉంటుంది.

మైకులో భవ్యశ్రీ పేరు వినిపించింది. “డాక్టర్ సృజన స్మారక బంగారు పతకం. దాత, శ్రీ అంబదాస్ గారు.”

తెల్ల ధోవతి కట్టుకున్న ముసలాయన పక్కనున్న కమ్మీ పట్టుకుని మెట్లెక్కాడు. పతకం అమ్మాయి మెడలో వేశాడు. రెండు మాటలు చెప్పమంటే మైకు దగ్గరికి వంగాడు.

“నా బిడ్డకు పిల్లల డాక్టర్ కావాలని ఉండె. గందుకే గా చదువుకే ఇయ్యుమన్న. గంతే.”

హాలంతా చప్పట్లు మోగాయి. ఆరాధన చేతులు మాత్రం సంచి మీదే ఉండిపోయాయి. ఆయనకు ఆ సంగతి గుర్తుంటుందని ఆమె అనుకోలేదు.

సభ అయ్యాక జనం భోజనాల వైపు కదిలారు. అంబదాస్ ఒక్కడే వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. భవ్యశ్రీ చూపించింది.

“పోయి మాట్లాడుండ్రి మేడం. సృజన మేడం దోస్తునంటే మస్తు సంబురపడుతడు.”

ఆరాధన మెల్లగా వెళ్లి ఆయన ఎదుట నిలబడింది. ఆయనకు చెప్పాలని ఒక మాట బస్సులో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. తీరా నోటికి వేరే మాట వచ్చింది.

“పానం బాగలేదా?”

“జర కండ్లు తిరుగుతున్నయి.”

“నేను డాక్టర్ను. చెయ్యి ఇటు ఇయ్యుండ్రి.”

అంబదాస్ తలెత్తాడు. ఆమె ముఖం చూశాడు. బొట్టు లేని నుదురు చూశాడు. చాలాసేపటికి చెయ్యి చాపాడు.

నాడి కొంచెం వేగంగా కొట్టుకుంటోంది, అంతే. చూడటం అయిపోయినా ఆమె చెయ్యి విడవలేదు. ఆయనా వెనక్కి తీసుకోలేదు.

“ఒక్కరే వచ్చిండ్రా?” అడిగింది.

“ఇంకెవరున్నరు? మా ఇంటామె సత్తమ్మ గూడ పాయె. ఇంట్ల ఒక్కన్నే.”

“ఎప్పుడు పోయింది?”

“మొన్న ఎండకాలం. గుండె ఆగింది.”

“బిడ్డను యాది చేసేదా?”

“పొద్దుమాపు గదే.” ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. “ఆఖరికి గూడ ఆమెనే అడిగింది.”

ఆరాధన బల్ల మీద ఆయన పక్కనే కూర్చుంది. బస్సులో అనుకున్న మాట ఈసారి పెదవుల దాకా వచ్చింది.

అప్పుడే భవ్యశ్రీ అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురూ అంబదాస్‌కు దండం పెట్టారు. మెడలోని పతకాన్ని చేత్తో పట్టుకుని ఆ అమ్మాయి అడిగింది.

“తాతా, ఏమనుకోకు. సృజన మేడంకు ఏమైంది?”

అంబదాస్ పతకం వంక చూశాడు. భవ్యశ్రీని చూశాడు. ఎదురుచూస్తున్న ఆమె తల్లిదండ్రులను చూశాడు. చివరికి తన చెయ్యి పట్టుకుని కూర్చున్న డాక్టరును చూశాడు.

“జరమొచ్చింది బిడ్డా” అన్నాడు. “పెండ్లి గాకముందే పోయింది.”

తండ్రి చేతిని సృజన మెల్లగా వదిలేసింది.