ఇరవై నిమిషాలు

"ఇరవై నిమిషాలైంది సార్. ఆపిన గుండెకి మళ్లీ చల్లటి మందు పంపాలి, చెయ్యి తీయండి," అంది రక్తం తిప్పే యంత్రాన్ని నడిపే ఆవిడ.

"రెండు కుట్లేనమ్మా, కాస్త ఓపిక పట్టు," అన్నాడు సర్జన్ విసుగ్గా.

"నేను పడతాను సార్, గుండె కండరం పట్టదు. చచ్చుబడిపోతుంది. చెయ్యి తీస్తారా, నన్ను బయటికి పంపిస్తారా?"

సర్జన్ పళ్లు కొరుకుతూ చెయ్యి తీశాడు. మందు వెళ్లింది.

కుట్లన్నీ అయ్యాక, రక్తం తగలగానే గుండె తనంతట తానే కొట్టుకుంది.

"ఈ మొండితనానికే కదా కిందటేడు నిన్ను సస్పెండ్ చేశారు?" అన్నాడు సర్జన్.

ఆమె బల్లమీది మనిషికేసి చూసింది.

"అవును సార్. చేసింది ఈ పెద్ద డాక్టరుగారే. తన ఆపరేషన్‌కి నేనే ఉండాలని పట్టుబట్టిందీ ఈయనే."