అర అంగుళం

డెస్ కిల్మార్టిన్ కావాలనే రే హాకింగ్‌ను కారుతో గుద్ది చంపాడని వారిబీల్ ఊరంతా నమ్మింది. సాక్ష్యం కూడా ఉందన్నారు. బానెట్ మధ్యలో రంధ్రం, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన, ఇంజన్‌కు గాలి పీల్చే గాలిమూతి. ఆ రంధ్రం కుడి అంచున తాజా గీత. ప్రాణం పోయేముందు ఆపమని బానెట్‌ను కొడుతున్న రే ఉంగరం గీరిందన్నారు.

నమ్మడానికి కారణం లేకపోలేదు. డెస్, రే, రే అన్న మిక్ ఒకే గ్యారేజీలో మెకానిక్కులు. ఈస్టర్ పందెం కోసం ఆ ఎనిమిది సిలిండర్ల కారును విడదీసి, ఏడాదిపాటు కలిసి బిగించారు. ఎవరు బిగించిన బోల్టు మీద వారు తమ రంగు చుక్క పెట్టేవారు. మిక్‌ది పసుపు, రేది ఎరుపు, డెస్‌ది నీలం. చుక్క ఉన్న బోల్టును మరొకరు ముట్టరు. పందెంలో ఎవరు నడపాలన్న తగాదాలో గురువారం డెస్ రే పన్ను రాలగొట్టాడు. శుక్రవారం ఆ కారును మొదటిసారి షెడ్డులోంచి బయటికి తీస్తూ, ఎదురుగా నిలబడి దారి చూపుతున్న రేను నీళ్ల ట్యాంకుకు అదిమి నలిపేశాడు.

కారును షెడ్డులోకి నెట్టి తాళం వేశారు. మంగళవారం మెల్బోర్న్ పోలీసులు వచ్చి తీసుకెళతారు.

సోమవారం, రేను పూడ్చి వచ్చిన నల్లకోటుతోనే మిక్ డెస్‌ను జుట్టు పట్టి షెడ్డులోకి ఈడ్చుకొచ్చాడు. మొదటి దెబ్బకు డెస్ ముక్కు చితికింది. రెండో దెబ్బకు పెదవి చీలింది.

"కావాలనే యాక్సిలరేటర్ తొక్కానని చెప్పరా."

"తొక్కలేదన్నా. కాలు తీసేశా. అయినా ఆగలా. బ్రేకు మీద నిలబడ్డా ఆగలా."

"కాలు తీస్తే పరిగెత్తే కారెక్కడుందిరా? దయ్యం తోలిందా?"

ఇనపగొట్టంతో మోకాలి మీద కొట్టాడు. డెస్ కూలిపోయాడు. మిక్ జాకీ పెట్టి కారు ముందు చక్రాన్ని పైకి లేపి, డెస్ కుడి పాదాన్ని దాని కిందికి తోశాడు.

"ఏ కాలితో తొక్కావో ఆ కాలే. మూడు లెక్కపెడతా. తొక్కానను, వదిలేస్తా. ఒకటి."

ఒక్క మాటతో పాదం దక్కుతుంది. మిగిలిన జీవితం జైలుకు పోతుంది. 

కేకలు విని ఎనిడ్ పాస్కో లోపలికొచ్చింది. ఊళ్లో తపాలా చూసే మనిషి. అంతకుముందు పదకొండేళ్లు ఆ కారు తయారైన కంపెనీలో నక్షాలు గీసింది. ఆమె ముందుగా బానెట్‌ను చూసింది.

"ఆగరా మిక్. ఈ గీత రంధ్రం లోపలి అంచున ఉంది. ఇందులో నీ తమ్ముడి వేలెట్లా పట్టింది?"

"నువ్వు బయటికి పో ఆంటీ. రెండు."

"ఈ గాలిమూతి బానెట్‌ది కాదురా, ఇంజన్ నెత్తిన బిగించింది. చుట్టూ అర అంగుళం ఖాళీ వదిలాం. ఆ కొలత నా చేత్తో గీశాను. అంచుకు అంటింది దీని నల్లరంగే, చూడు. ఇంజన్ ఎడమపక్క పైకి లేచి కుడికి ఒరిగితే తప్ప అక్కడికి తగలదు. లేచిందా, యాక్సిలరేటర్ కడ్డీని అదే లాక్కుంటుంది. ఇక కాలుతో పనేముంది?"

"ఇంజన్ ఎందుకు లేస్తుంది? కోళ్లగంప మూతనుకున్నావా?"

"బానెట్ ఎత్తి చూద్దాం. రెండే నిమిషాలు."

మిక్ డెస్ ముఖంలోకి వంగాడు.

"తొక్కలేదన్నా," అన్నాడు డెస్.

మిక్ జాకీ వదిలాడు.

ఆ అరుపు రోడ్డు అవతల పబ్‌లో వినిపించింది. జనం పరుగున వచ్చి, నలుగురు పట్టి చక్రాన్ని ఎత్తి, పాదంలో మిగిలినదాన్ని బయటికి లాగారు. ఎనిడ్ తన స్కార్ఫుతో దాన్ని బిగించి కట్టింది. తర్వాత లేచి, నెత్తుటి చేతులతోనే బానెట్ ఎత్తింది.

ఇంజన్‌ను ఎడమపక్క పట్టి ఉంచవలసిన బోల్టు, విరగకుండా, మరచుట్లు చెక్కు చెదరకుండా, కింది అడ్డకమ్మీ మీద ఊడి పడి ఉంది. దాని తల మీద పసుపు చుక్క ఉంది.