మునియన్ ఏ సంఘం మనిషి?

కుర్చీలు ఇరవై. వచ్చినవాళ్లు ఇరవై ఒక్కరు.

ఇరవై ఒకటో మనిషి చంకలోని కోరచాప తీసి, తలుపు పక్కన పరుచుకుని కూర్చున్నాడు.

"మీటింగుకు చాప తెచ్చుకునేటోణ్ని ఇప్పుడే చూస్తుండా," అన్నాడు ఆటోస్టాండు సంఘం రాజేంద్రన్. "దిండు మరిచిపోయినావా పెద్దాయనా?"

"నువ్వు మాట్లాడేది మొదలుపెడితే దిండు కూడా కావాల నాయనా."

అందరూ నవ్వారు. నాగకుమారి కూడా నవ్వింది.

అది 2006 ఫిబ్రవరి. ఊరి పేరు ఇంకా పాండిచ్చేరే. వీధుల్లో పడుకునే ప్రతి మనిషికీ ఒక గది చూపించాలని అయిదు సంఘాలు కలిశాయి. ఆటోవాళ్లు, తేంగాయితిట్టు హార్బరులో చేపలమ్మే ఆడవాళ్లు, చర్చివాళ్లు, తెలుగు సంఘం, లాస్‌పేట కాలేజీ పిల్లలు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన నాగకుమారిని సర్కారు ఆఫీసు వీళ్లకు కన్వీనరుగా వేసింది.

మొదటి రోజే చిక్కు వచ్చింది. అయిదు సంఘాలూ అయిదు పట్టికలు తెచ్చాయి. కలిపితే రెండు వందల పదకొండు పేర్లు.

"మా పట్టికే సరైంది," అంది చేపలమ్మే ఆడవాళ్ల నాయకురాలు లోగనాయకి. "మేం రోజూ చూసే మొగాలు."

"మీరు రోజూ చూసేది చేపల మొగాలే కదక్కా," అన్నాడు రాజేంద్రన్.

"నీ మొగం కంటే మేలే తంబీ."

చాప మీది మనిషి చెయ్యెత్తాడు.

"అమ్మా, చర్చోళ్ల సెల్వి, ఆటోవోళ్ల సెల్వి, చేపలోళ్ల సెల్వి ముగ్గురూ ఒకటే మనిషి. పొద్దున చర్చి గేటు కాడ గంజి, మధ్యాన్నం స్టాండు కాడ పొట్లం, సాయంత్రం హార్బరు కాడ చేప. అన్నం పెట్టే చోట లెక్క తీసినారు మీరు. నిద్ర లేచే చోట తీయాల."

"ఎప్పుడు లేస్తారండీ వాళ్లు?" అంది నాగకుమారి.

"అంగడోళ్లు వాకిలి కడిగేదానికి అయిదున్నరకి వస్తారు. దానికి ముందే పోవాల. నేను చూపిస్తా."

చూపించాడు. నాలుగు తెల్లవారుజాములు పట్టింది. నూట ముప్పై ఎనిమిది మంది తేలారు.

ఆయన పేరు మునియన్. తమిళం కలిసిన ఆ తెలుగు విని, తెలుగు సంఘం మనిషి అనుకుంది నాగకుమారి.

తర్వాత పని ఒక పద్ధతిలో పడింది. ఖాళీ గది ఎక్కడుందో ఆటోవాళ్లు కనిపెట్టేవారు. ఇంటివాళ్లను లోగనాయకి ఒప్పించేది. చర్చివాళ్లు పాత్రలు, తెలుగు సంఘం దుప్పట్లు. కాలేజీ పిల్లలు రేషన్ కార్డుకు దరఖాస్తులు రాసేవారు. మనిషి గదిలో ముప్పై రోజులు నిలిస్తేనే పట్టికలో పేరు కొట్టేయాలి. దానికి రెండు సంఘాల సంతకాలు ఉండాలి. ఆ నియమం కూడా మునియన్ చెప్పిందే.

"ఒక సంఘమే అయితే గొప్ప కోసం కొట్టేస్తాదమ్మా. రెండైతే ఒకరి మింద ఒకరికి కన్నుంటాది."

గదికి రానన్నవాళ్ల దగ్గరకు ఆయనే పోయేవాడు. ఏం చెప్పేవాడో ఎవరూ వినలేదు. వాళ్ల పక్కన చాప పరుచుకుని కూర్చునేవాడు. రెండు మూడు రోజులకు వాళ్లు వచ్చేవారు.

2008 జూలైకి ఒక పేరు మిగిలింది. అంబుజం. మూడుసార్లు గది చూపించారు. మూడుసార్లూ రానంది.

"మునియన్ గారూ, దగ్గుతున్నారు. మీరు ఇంటికెళ్లి పడుకోండి, అంబుజం సంగతి మేం చూసుకుంటాం," అంది నాగకుమారి.

"ఇంకా ఒకామె ఉంది కదమ్మా. ఆమె పోయినాంక నేను పోతా."

వారంలో అంబుజం గదికి వచ్చింది. ముప్పై రోజులు నిలిచింది. వచ్చే ఆదివారం మీటింగులో ఆ పేరు కొట్టేసి, మునియన్‌కు శాలువా కప్పాలని తీర్మానం చేశారు. శాలువా లోగనాయకి కొంది.

శుక్రవారం బస్టాండు దారిలో మునియన్ కూలబడి ఉంటే రాజేంద్రన్ చూసి ఆసుపత్రిలో చేర్చాడు. ఆదివారం పొద్దున ఆయన పోయాడు.

మీటింగు హాల్లో కూర్చున్న అందరూ లేచి ఆసుపత్రికి వచ్చారు. అంబుజం కూడా వచ్చింది. రాజేంద్రన్ వ్యాను తెచ్చి తలుపు తెరిచాడు.

"యాడికి తీసుకపోవాల? ఇల్లు చెప్పండి."

అందరూ తెలుగు సంఘం కార్యదర్శి త్యాగరాజన్ వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారప్పా? ఆయన స్టాండు మనిషి కదా?"

"మాకాడ ఆయనకు ఆటో యాడుంది? చేపలోళ్ల మనిషి అనుకుంటి నేను," అన్నాడు రాజేంద్రన్.

"నేను చర్చోళ్ల మనిషి అనుకుంటి," అంది లోగనాయకి.

చర్చివాళ్లు కాలేజీ పిల్లల వైపు చూశారు.

లోగనాయకి శాలువా విప్పి మునియన్ మీద కప్పింది.

"ఎవరి మనిషైతే ఏంది? ఆసుపత్రి కాయితంలో మా మనిషని రాయండి," అంది.

"అదెట్లా అక్కా? తీసుకొచ్చింది నేను. మా స్టాండు మనిషే," అన్నాడు రాజేంద్రన్.

"తెలుగాయన. మాకు వదలండి," అన్నాడు త్యాగరాజన్.

పట్టికల కోసం పోట్లాడిన మొదటి రోజులాగే పోట్లాడుతున్నారు. నాగకుమారికి వాళ్లను ఆపబుద్ధి కాలేదు.

అంబుజం వ్యాను దగ్గరకు వచ్చింది. నర్సు చేతిలోని ఆయన కోరచాప అడిగి తీసుకుంది.

"నా గదికి తీసుకపోదాం పదండి."

"మీకు ఏమవుతారండీ ఆయన?" అంది నాగకుమారి.

"మూసేసిన బట్టలంగడి మెట్ల మింద ఏడేండ్లుగా నా చాప పక్కన ఈ చాపే కదమ్మా పరిచేది, 'నువ్వు ముందు పో అంబుజం, నాకు రేపు ఇస్తారు' అన్నాడే, ఇయ్యలేదా మీరు?"