కట్ట కింద వెలిగిన లైటు

బావ తన పొలాల కోసం సొంతంగా కట్టించుకున్న ఆనకట్టకి రాత్రి కాపలా బావమరిదిదే. ఆ రాత్రి కట్ట అడుగున టార్చి వేస్తే, రోజూ తేటగా వచ్చే ఊట నీళ్లు బురదగా కనబడ్డాయి. లోపల మట్టి కరుగుతోందన్నమాట. కట్ట ఏ క్షణమైనా తెగొచ్చు.

కట్ట కిందే, కేకేస్తే వినబడేంత దగ్గర్లోనే అక్కవాళ్ల ఇల్లు. కిటికీలో లైటు వెలుగుతోంది. ఫోన్ చేశాడు.

"అక్కా, ఊట బురదగా వస్తోంది. బావని లేపి ముందు బయటికి రండి."

"మీ బావ పొద్దున్నే చూశాడులే. భయముంటే మేమిక్కడ పడుకుంటామా?"

ఆమె మాటల వెనక వాళ్ల కుక్క గొంతు చించుకుని మొరుగుతోంది.

అతను ఫోన్ చెవి నుంచి తీశాడు. ఇంటివైపు నుంచి కుక్క అరుపు కాదు కదా, చడీచప్పుడు కూడా లేదు. మళ్లీ పెట్టుకున్నాడు. కుక్క మొరుగుతూనే ఉంది.

వెనక కట్టలో నీళ్లు గుటకలేస్తున్నాయి.

"ఎవరితో అనకు. నువ్వక్కడే ఉండు నాన్నా," అంటోంది అక్క, ఎంతో ప్రేమగా.